మండికల్ సీమలో పసిపిల్లల దంతధావనము: ఒక చారిత్రక పరిశీలనము

మానవుని నిత్యకృత్యములలో దంతధావనము మొదటిది. ప్రతిదినము జరుగు పని యగుటచేతనే దీనికొక చరిత్ర కలదను సంగతి మనకు సాధారణముగా స్ఫురింపదు. రాజుల చరిత్రలును యుద్ధముల చరిత్రలును విరివిగా వ్రాయబడినవి. పసిబిడ్డకు పండ్లు తోమిన చేతి చరిత్రమును ఎవరును అంతగా పట్టించుకొనలేదు. ఆ చేయి పూర్వము ఎవరిది, అది ఏ కాలమున వెనుకకు తగ్గినది, దాని స్థానమున నేడు ఏ చేయి రావలసియున్నది అను ప్రశ్నలను వేసికొని పరిశీలించినచో, ఒక సీమయొక్క కుటుంబ జీవనము, వ్యవసాయము, నీటి వనరులు, శిశువిద్య అన్నియు ఆ ఒక్క విషయముతో ముడిపడియుండుట కనబడును. కర్ణాటకమునందలి తెలుగు సీమలలో ఒకటైన మండికల్ ప్రాంతమును ఆధారముగా గొని ఆ పరిశీలనము ఇచట చేయబడుచున్నది.

సీమ పరిచయము

మండికల్ కర్ణాటక రాష్ట్రమున చిక్కబళ్లాపుర తాలూకాలోని గ్రామము. అదే పేరుగల హోబళికి ముఖ్యస్థానము. పూర్వము ఈ ప్రాంతమంతయు మైసూరు సంస్థానములోని కోలారు జిల్లాలో చేరియుండెను. 2007లో కోలారునుండి విడదీసి చిక్కబళ్లాపుర జిల్లాను ఏర్పరచిరి. మండికల్‌కు ఉత్తరమున బాగేపల్లి తాలూకా కలదు. తూర్పువైపున శిడ్లఘట్ట దాటిన పిదప చింతామణి తాలూకా వచ్చును. ఈ తాలూకాలు ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొనియున్నవి. చరిత్రకారులు మొరసునాడని పేర్కొను విశాల ప్రాంతములో ఇవి ఒక భాగము.

ఇచటి పల్లెలలో అనేక కుటుంబములకు ఇంటిభాష తెలుగు, బడిభాష కన్నడము. చింతామణి తాలూకాలోని కైవారమునకు చెందిన నారాయణ తాతయ్య ఉభయభాషలలోను తత్త్వములు రచించుట ఈ సీమ స్వభావమునకు తగినట్లే యున్నది. రాగిసంగటి ప్రధానాహారము. రాగి, వేరుసెనగ, కూరగాయలు, పూలు, ద్రాక్ష, మల్బరీ పంటలు. పట్టుపురుగుల పెంపకము అనేక కుటుంబములకు జీవనోపాధి. ఏడాది పొడవున నీరు పారు నది లేదు. చిత్రావతి, పాపాగ్ని, ఉత్తర పినాకినులు ఈ జిల్లా కొండలలోనే పుట్టినను, వానలు కురిసినప్పుడు మాత్రమే పారును. కావున ఈ సీమవారు తరతరములుగా చెరువులను నమ్ముకొనిరి. ఈ నీటి సంగతికిని పిల్లల పండ్లకును గల సంబంధము ముందు విశదమగును.

ప్రాచీన విధి

భారతదేశమున దంతధావన విధి మిక్కిలి ప్రాచీనమైనది. సుశ్రుతసంహిత దంతకాష్ఠము పండ్రెండు అంగుళముల పొడవు, చిటికెనవ్రేలి లావు కలిగియుండవలెనని విధించినది. చేదు రుచి గలవానిలో వేప, కారము గలవానిలో కానుగ, వగరు గలవానిలో చండ్ర, తీపి గలవానిలో ఇప్ప శ్రేష్ఠములని ఆ గ్రంథము చెప్పుచున్నది. వీనిలో వేపయు కానుగయు నేటికిని మండికల్, బాగేపల్లి ప్రాంతముల పొలముగట్లపై కనబడు చెట్లే. తెలుగువారు ఈ దంతకాష్ఠమునే పందుంపుల్ల యనిరి. పుల్లను నమలి కొనను కుంచెవలె చేసి పండ్లు తోముకొని, పిమ్మట దానిని నిలువున చీల్చి నాలుక గీచుకొనుట ఆచారము.

బౌద్ధుల వినయపిటకములో ఈ విషయమును గూర్చి ఒక విశేషము కలదు. కొందరు భిక్షువులు మిక్కిలి పొడవైన పందుంపుల్లలు వాడుచు, వానితోనే చిన్న సామణేరులను కొట్టుచుండిరట. అందుచే పుల్ల ఎనిమిది అంగుళములను మించరాదని నియమము ఏర్పడినది. తరువాత ఒక భిక్షువు మిక్కిలి పొట్టి పుల్లను నమలగా అది గొంతులో చిక్కుకొన్నది. దానిపై నాలుగంగుళములకు తక్కువగల పుల్ల వాడరాదను నియమమును ఏర్పరచిరి. గురుకులము వంటి సమాజమున చిన్నవారి దంతధావనమునకు నియమము కావలసి వచ్చిన సందర్భమిది. నోటిలోనికి పోవు వస్తువు లోనికి మ్రింగబడకుండ చూచుట అవసరమని పూర్వులు గ్రహించియుండుట గమనింపదగినది. క్రీ. శ. 7వ శతాబ్దియందు నాలందలో చదువుకొనిన చీనా యాత్రికుడు ఇత్సింగ్ కూడ భారతీయ విహారములలో ప్రతి ప్రాతఃకాలమున దంతకాష్ఠము నమలు ఆచారమును వివరముగా వర్ణించెను.

అయితే ఈ గ్రంథములన్నియు ప్రధానముగా పెద్దవారిని ఉద్దేశించినవి. రెండు మూడేండ్ల బిడ్డ వేపపుల్లను నమలజాలదు. ఆ వయసు బిడ్డ విషయమున దంతధావనమనగా తల్లియో అవ్వయో తన చూపుడువ్రేలితో బిడ్డ చిగుళ్లను, పండ్లను రుద్దుటయే. ఉప్పు, మెత్తగా నూరిన బొగ్గు, కచ్చిక బూడిద, ఇటికపొడి మొదలైనవి ఇండ్లలో వాడుకలో నుండెను. వీనిలో ఇటికపొడియు గరుకైన బొగ్గును పంటి పింగాణి పొరను అరగదీయునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. సాధనము దోషయుక్తమైనను ఆ పద్ధతిలో ఒక గుణము మాత్రము నిశ్చయముగా నుండెను: పెద్దవారి చేయి బిడ్డ నోటిలో నుండెను, పెద్దవారి కన్ను బిడ్డ పండ్లపై నుండెను. ఏ పన్ను పుచ్చినది, ఏ పన్ను కదలుచున్నది, ఏది క్రొత్తగా మొలచుచున్నది యను వార్త ప్రతి ఉదయము ఆ యింటిపెద్దకు తెలియుచుండెను.

పుల్లనుండి బ్రష్షునకు

20వ శతాబ్ది ఆరంభమున పండ్లపొళ్లు అంగడి వస్తువులైనవి. మైసూరు సంస్థానమున నంజనగూడులో 1913లో బి. వి. పండితులు స్థాపించిన సద్వైద్యశాల తయారుచేసిన నంజనగూడు పండ్లపొడి సంస్థానమంతట వ్యాపించినది. ఎఱ్ఱని ఆ పొడి పాత మైసూరు సీమలోని పట్టణ గృహములలో మాత్రమేగాక పల్లెలలోను పరిచితమైనది. అఱచేతిలో చిటికెడు పొడి పోసికొని వ్రేలితో తోముకొనుట ఆనాటి పద్ధతి. పిల్లలకు పొడిని పంచిపెట్టువారు పెద్దలే కావున, చూపు ఇంకను ఇంటిలోనే నిలిచియుండెను.

కుంచెగల బ్రష్షు చీనాదేశమున 15వ శతాబ్ది చివరనాటికే వాడుకలోనుండెను. ఇంగ్లండునందు విలియం ఆడిస్ 1780 ప్రాంతమున దానిని వ్యాపారవస్తువుగా తయారుచేయ నారంభించెను. ఆనాటి బ్రష్షులకు పందివెంట్రుకలను వాడెడివారు. ఆచారపరులైన మన ప్రజలు చిరకాలము దానిని దూరముంచుటకు ఇదియును ఒక కారణము కావచ్చును. 1938లో అమెరికాయందు నైలాన్ దారములతో చేసిన బ్రష్షు వెలువడిన పిదప ఆ అభ్యంతరము తొలగినది. క్రమముగా ధర తగ్గి, 20వ శతాబ్ది చివరి దశాబ్దములనాటికి బ్రష్షును పేస్టును పల్లె అంగళ్లకు చేరినవి. ఆ కాలముననే పొగాకు కలిపిన పండ్లపొళ్లు, పేస్టులు కొన్ని ప్రాంతములలో విరివిగా అమ్ముడుపోవుచుండగా, 1992లో భారత ప్రభుత్వము వాని తయారీని అమ్మకమును నిషేధించినది.

బ్రష్షు రాకతో పరిశుభ్రత పెరిగినది, సందేహము లేదు. కాని దానితోబాటు మఱియొక మార్పు సద్దు చేయక వచ్చినది. పుల్లవలె బ్రష్షును నమలి తయారుచేసికొన నక్కరలేదు. పొడివలె పెద్దలు పంచిపెట్ట నక్కరలేదు. బిడ్డ చేతికి ఒక బ్రష్షును, దానిపై కొంత పేస్టును ఇచ్చిన పిదప పని ముగిసినదని పెద్దలు తలచిరి. దంతధావనము ఒంటరిగా చేసికొను పనియైనది.

ఈ సీమయందు దానికి జీవనోపాధి కూడ తోడైనది. పూలతోటలు గలవారు తెల్లవారకమునుపే కోతకు పోవుదురు. కూరగాయలు ఉదయపు సంతకు చేరవలెను. పట్టుపురుగులకు వేళ తప్పక మల్బరీ ఆకు వేయవలెను. ఆ వేళలోనే బిడ్డ నిద్ర లేచును. తల్లిదండ్రులు పొలములోనో పురుగులగదిలోనో ఉన్నప్పుడు బిడ్డ పండ్లను ఎవరు చూతురు? ఉమ్మడి కుటుంబములున్ననాడు అవ్వ చూచెడిది. అవి చీలిన ఇండ్లలో ఆ చూపుకూడ కఱవైనది. ఇదే కాలమున రాగిసంగటి తిను పిల్లల చేతికి బిస్కత్తులు, చాకొలెట్లు, చక్కెర వేసిన టీయు వచ్చినవి. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పింగాణి పొరను కరగించును. మాటిమాటికి తీపి తినుచున్నచో పంటికి కోలుకొను వ్యవధి లభింపదు. ఈ విధముగా పిప్పిపన్ను పసితనముననే ప్రవేశించినది.

పాలపండ్లు ఎట్లును రాలిపోవునవే కదా యని ఉపేక్షించుట సామాన్యము. అది పొరపాటు. ఇరువది పాలపండ్లు రెండున్నర మూడేండ్లనాటికి పూర్తిగా మొలచి, కొన్ని పది పండ్రెండేండ్లవరకు నిలుచును. అవి పుచ్చినచో బిడ్డ నమలలేదు, నిద్రపోలేదు, బడిలో మనసు నిలుపలేదు. అంతేగాక, ఆరేండ్ల ప్రాయమున పాలపండ్ల వెనుక మొలచు మొదటి దవడపన్ను శాశ్వతమైనది. దానికి ముందు ఏ పన్నును రాలదు గనుక తల్లిదండ్రులు దానినికూడ పాలపన్నే యని భావింతురు. ఒకసారి పోయినచో మరల రాని పన్ను ఈ అజ్ఞానమువలన పుచ్చిపోవుచున్నది.

శిశువిహారముల రాక

ఇంటిలో తగ్గిన చూపును బడి ఎట్లు అందుకొన్నదో తెలిసికొనుటకు శిశువిద్యా చరిత్రమును కొంత చూడవలెను. ఇంగ్లండునందు మార్గరెట్ మాక్మిలన్, రాచెల్ మాక్మిలన్ అను సోదరీమణులు పేదపిల్లల ఆరోగ్యమునకై పాటుపడి, 1910లో లండనులోని డెప్ట్‌ఫర్డునందు బడిపిల్లలకు చికిత్సాలయమును తెరచిరి. దంతచికిత్స దానిలో ముఖ్యభాగము. 1914లో అచటనే ఆరుబయటి శిశువిహారమును స్థాపించిరి. శరీర శుభ్రత చదువునకు వెలుపలిది కాదు, చదువులో భాగమే యని వారి సిద్ధాంతము. ఇటలీలో మరియా మాంటిస్సోరి 1907లో రోమునగరమున బాలగృహమును ప్రారంభించి, పిల్లలు పండ్లు తోముకొనుట, నోరు పుక్కిలించుట మొదలగు వానిని నిత్యజీవన అభ్యాసములలో చేర్చిరి. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి, అడయారు దివ్యజ్ఞాన సమాజమువారి ఆశ్రయమున ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. యుద్ధకాలమంతయు ఆమె భారతదేశముననే యుండుటచే ఆ పద్ధతి దక్షిణదేశమున వేరూనినది.

గుజరాతునందు గిజూభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించిరి. ఆయన సహచారిణియైన తారాబాయి మోదక్ పేదవాడల పిల్లలు బడికి రాజాలనిచో బడియే వారి ముంగిలికి పోవలెనని తలచి, మహారాష్ట్రములో ఆ పద్ధతిని నడపిరి. ముంగిలికి అంగణమని పేరు. అంగన్‌వాడి యను మాట ఆ భావమునుండి పుట్టినదే.

ఈ చరిత్రలో తెలుగువారి పాత్రయు గణనీయము. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలు. 1954లో ఆ మండలి ఆరంభించిన సంక్షేమ విస్తరణ పథకములద్వారా గ్రామములలో బాలవాడులు, స్త్రీలకు ప్రసూతి సహాయము, చేతిపనుల శిక్షణ ప్రవేశించినవి. పల్లెలోని చిన్నబిడ్డకుకూడ ఒక ఆటపాటల చోటు ఉండవలెనను భావమును ప్రభుత్వ ప్రణాళికలో నిలిపిన కార్యములలో అది ముఖ్యమైనది.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము దేశములో 33 ప్రాంతములయందు ప్రారంభమైనది. కర్ణాటకమున మైసూరు జిల్లాలోని టి. నరసీపురము, ఆంధ్రప్రదేశమున అనంతపురము జిల్లాలోని కంబదూరు, ఆదిలాబాదు జిల్లాలోని ఉట్నూరు వానిలో చేరినవి. నేడు ఈ పథకమునకు చెందిన అంగన్‌వాడి లేని పెద్ద పల్లె అరుదు. పూరకాహారము, టీకాలు, ఆరోగ్యపరీక్ష, ఆసుపత్రికి పంపుట, బడికి ముందు విద్య, తల్లులకు ఆహారారోగ్య బోధన అను ఆరు సేవలు దానికి నిర్దేశింపబడినవి. చేతులు కడుగుకొనుట అంగన్‌వాడిలో నిత్యకృత్యము. పండ్లు తోముట మాత్రము ఆ ఆరింటిలో ప్రత్యేకముగా పేర్కొనబడలేదు. బోధనలో ఒక మాటగా, పాటలో ఒక చరణముగా నిలిచినది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున వైద్యబృందములు అంగన్‌వాడి పిల్లలను ఏటికి రెండుసార్లు పరీక్షించునపుడు పిప్పిపన్నును కూడ చూడవలెనని విధించిరి. 2014లో జాతీయ ముఖారోగ్య కార్యక్రమము ఏర్పడినది. వ్యాధిని కనుగొనుటకు ఈ విధముగా మార్గమేర్పడినది. కాని వ్యాధి రాకుండ ప్రతిదినము జరుగవలసిన పని వేరు.

నీటి కథ

ఈ సీమయందు పిల్లల పండ్లకు పిప్పి యొక్కటియే శత్రువు కాదు. రెండవది నీటిలో నున్నది.

1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున దంతవైద్యవృత్తి నారంభించిన ఫ్రెడరిక్ మెకే, అచట పుట్టి పెరిగినవారి పండ్లపై గోధుమరంగు మచ్చలుండుట గమనించెను. ఆ పండ్లు చూచుటకు వికారముగానున్నను పిప్పి తక్కువ. ముప్పదియేండ్ల అన్వేషణము తరువాత 1931లో చర్చిల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు త్రాగునీటిలోని ఫ్లోరైడే దీనికి కారణమని కనుగొనెను. పిమ్మట ట్రెండ్లీ డీన్ చేసిన పరిశోధనలవలన, లీటరు నీటికి సుమారు ఒక మిల్లిగ్రాము ఫ్లోరైడు ఉన్నచో మచ్చలు పెద్దగా రాకయే పిప్పి తగ్గునని తేలినది. దానిని ఆధారము చేసికొని 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరమున నీటిలో ఫ్లోరైడును కలుపుట మొదలుపెట్టిరి. 1950వ దశకమున ఫ్లోరైడు పేస్టు వెలువడినది. ఫ్లోరైడు పంటిపై నున్నప్పుడు, ఆమ్లమువలన కరగిన ఖనిజము మరల పింగాణి పొరలో చేరుటకు తోడ్పడును.

పాశ్చాత్యదేశములు నీటిలో లేని ఫ్లోరైడును కలుపుకొనుచుండగా, తెలుగుదేశమున కథ వేరుగా నడచినది. 1937లో షార్ట్ మొదలైన వైద్యులు ఆనాటి నెల్లూరు జిల్లా గ్రామములలో నడుము వంగి, కీళ్లు బిగిసికొనిపోయిన జనులను పరీక్షించి, బావినీటిలోని అధిక ఫ్లోరైడువలన కలిగిన వ్యాధియని ప్రకటించిరి. భారతదేశమున ఈ వ్యాధిని శాస్త్రీయముగా గుర్తించినది అదియే మొదలు. ఆనాటి నెల్లూరు జిల్లాలోని కనిగిరి, దర్శి ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లాలో చేరినవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పేరు వచ్చినది. నల్లగొండ జిల్లా బాధ లోకవిదితము. పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు విధానమునకు 1970వ దశకమున నల్లగొండ పేరే పెట్టబడినది. ఒక ఊరిపేరు ఒక రోగముతోను, దాని నివారణోపాయముతోను కూడ జతపడుట అరుదైన సంగతి.

చిక్కబళ్లాపుర జిల్లాయు ఈ పట్టికలో చేరినదే. చెరువునీటితోను తక్కువ లోతుగల బావులతోను గడపిన కాలమున జనులు చాలవరకు వాననీటినే వేరొక రూపమున త్రాగుచుండిరి. చెరువులు పూడి, బావులెండి, బోరుబావులు వచ్చినవి. వాని లోతు ఏటేట పెరిగి అనేక తావులలో 1000 అడుగులు దాటినది. కఠినశిలల పగుళ్లలో చిరకాలము నిలిచిన నీరు ఆ శిలలలోని ఫ్లోరైడును కరగించుకొని పైకి వచ్చును. భారతీయ ప్రమాణమును బట్టి లీటరునకు 1 మిల్లిగ్రాము ఆమోదయోగ్యము. వేరు నీరు లభింపనిచో 1.5 వరకు అనుమతింపవచ్చును. బాగేపల్లి, చింతామణి తాలూకాల అనేక బోరునీళ్లు ఈ హద్దును మించినవి. గ్రామములలో శుద్ధజల కేంద్రములు ఏర్పడుటకు ఇది ముఖ్యకారణము.

పంటిపై ఫ్లోరైడు మచ్చలు పన్ను మొలచిన తరువాత వచ్చునవి కావు. చిగురు లోపల శాశ్వతదంతము రూపొందుచున్న కాలముననే, అనగా పుట్టుకనుండి ఎనిమిదేండ్లలోపుననే, మ్రింగిన ఫ్లోరైడువలన అవి ఏర్పడును. ముందరి పండ్ల విషయమున మొదటి మూడేండ్లు మిక్కిలి కీలకములు. ఆ మచ్చలను గారయని పొరబడుట సహజము. గార పంటిపై పేరుకొనునది. ఈ మచ్చ పింగాణి పొరలోనిది. గార యనుకొని ఇటికపొడితో బొగ్గుతో ఎంత తోమినను మచ్చ పోదు. పన్ను మాత్రము అరుగును. పండ్లు సరిగా తోముకొనడని తోటివారు పరిహసించిన బాలుడు నిజమునకు తన ఊరి నీటి చరిత్రమును నోట మోయుచున్నాడు.

స్కాట్లండు అనుభవము

శిశువిహారములలో పెద్దల పర్యవేక్షణమున పండ్లు తోమించు పద్ధతిని దేశమంతట నడపి ఫలితములను లెక్కించిన దేశములలో స్కాట్లండు ముఖ్యమైనది. అచట 2006లో చైల్డ్‌స్మైల్ అను కార్యక్రమము ప్రారంభమైనది. శిశువిహారమునకు వచ్చిన ప్రతి బిడ్డకును పేరో గుర్తో గల ప్రత్యేకమైన బ్రష్షు ఉండును. బ్రష్షులు ఒకదానికొకటి తగులకుండ గాలి తగులు పెట్టెలో నిలువబెట్టుదురు. శిక్షణ పొందిన పెద్దయొకరు కొలచి పేస్టు పెట్టుదురు: మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆ పైవారికి బఠాణిగింజంత. పిల్లలు కూర్చుండియో నిలుచుండియో తోముకొనుచుండగా ఆమె చూచుచుండును. తోమిన పిదప ఉమ్మివేయుదురు గాని ఎక్కువ నీటితో పుక్కిలింపరు. పంటిపై నిలిచిన కొద్ది ఫ్లోరైడు పనిచేయవలెనని దాని ఉద్దేశము. ఇది యింటిలో తోమించుటకు బదులు కాదు, దానికి తోడు.

ఫలితములు గమనింపదగినవి. 2003లో స్కాట్లండునందు బడిలో చేరిన మొదటి తరగతి పిల్లలలో, పైకి కనబడు పిప్పి లేనివారు నూటికి సుమారు 45 మంది. 2014 నాటికి వారు 68 మందియు, 2020 నాటికి 73 మందియు నైరి. 2015లో ప్రకటింపబడిన గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకుల గణనము ప్రకారము, అయిదేండ్ల పిల్లల దంతచికిత్స వ్యయము 2001-02లో సుమారు 88 లక్షల పౌండ్లుండగా 2009-10 నాటికి సుమారు 40 లక్షలకు దిగినది. శిశువిహార దంతధావనమునకు ఏటికి అయిన ఖర్చు సుమారు 18 లక్షలు. వేల్సు దేశము ఇట్టి పథకమునే చేపట్టినది. 2025లో ఇంగ్లండు ప్రభుత్వము వెనుకబడిన ప్రాంతములలోని మూడునుండి అయిదేండ్ల పిల్లలు 6 లక్షలమందివరకు ఇట్లు తోమించుటకై 1 కోటి 10 లక్షల పౌండ్లు కేటాయించినది.

ఈ సీమకు అన్వయము

స్కాట్లండు పద్ధతిని యథాతథముగా తెచ్చి మండికల్ హోబళిలోనో బాగేపల్లి తాలూకాలోనో నాటవచ్చునా యనునది విచారణీయము. అచటి నీటిలో ఫ్లోరైడు స్వల్పము; పేస్టులోని ఫ్లోరైడే ప్రధానమైన మందు. ఇచట అనేక గ్రామములలో నీరే అధికముగా ఇచ్చుచున్నది. మూడేండ్ల బిడ్డకు ఉమ్మివేయుట పూర్తిగా రాదు. వాణిజ్య ప్రకటనలలో చూపినట్లు బ్రష్షు పొడవునను పేస్టు పెట్టినచో దానిలో చాలభాగము కడుపులోనికి పోవును. భారతదేశ నియమములను బట్టి పేస్టులో ఫ్లోరైడు పది లక్షల పాళ్లకు 1000 పాళ్లు మించరాదు. ఆ లెక్కను గొట్టముపై అచ్చువేయవలెను. అచ్చు చిన్నది, భాష ఇంగ్లీషు. తెలుగు మాటలాడుచు కన్నడము చదువు తల్లికి ఆ సంఖ్య ఎంతమాత్రము ఉపయోగింపదు.

ఈ విషయమున రెండభిప్రాయములు కలవు. ఫ్లోరైడు పీడిత గ్రామములలో పసిపిల్లలకు ఫ్లోరైడు పేస్టు వలదని ఫ్లోరోసిస్ నివారణకై పాటుపడువారు చెప్పుదురు. దంతవైద్యులలో అనేకులు, బియ్యపుగింజంత పెట్టి పెద్దలు దగ్గరనుండి తోమించినచో లోనికి పోవునది అత్యల్పమనియు, పిప్పినుండి కలుగు రక్షణ అధికమనియు చెప్పుదురు. ఈ రెండు వాదములును ఒక చోట కలియుచున్నవి. మొదటి మార్గమున ఏ పేస్టు వాడవలెనో నిర్ణయించు పెద్ద కావలెను. రెండవ మార్గమున ఎంత పేస్టు పెట్టవలెనో కొలచి, మ్రింగకుండ చూచు పెద్ద కావలెను. పెద్దల కన్ను లేనిచో రెండును విఫలములే.

కావున ఈ సీమయందు అంగన్‌వాడి దంతధావనమునకు మొదటి మెట్టు ఆ ఊరి త్రాగునీటిని పరీక్షించుట. ఫ్లోరైడు ఎక్కువగానున్న చోట శుద్ధజలమును అంగన్‌వాడి వంటకును త్రాగుటకును ముందుగా అందింపవలెను. పేస్టు విషయము వైద్యుల సలహాపై నిర్ణయింపవలెను. ఏ పేస్టును లేకున్నను, మెత్తని బ్రష్షుతో శ్రద్ధగా తోమించుటవలన పంటిపాచి తొలగును, చిగుళ్లు ఆరోగ్యముగా నుండును, అభ్యాసము స్థిరపడును. పిప్పినుండి రక్షణ మాత్రము తగ్గును. కావున అట్టి చోట తీపిని తగ్గించుట మరింత ముఖ్యము. రెండవ మెట్టు ప్రతి బిడ్డకును వేరు బ్రష్షు, దానిని ఆరబెట్టు చోటు. మూడవది, భోజనమైన తరువాత కొద్ది నిమిషములు. ఈ కొద్దియు అంగన్‌వాడి కార్యకర్త యొక్కతెమీదనే మోపుట న్యాయము కాదు. ఆహారము, టీకాలు, తూకములు, లెక్కలపుస్తకములు అన్నియు ఆమె చేతిలోనే యున్నవి. సహాయికయు, వంతులవారీగా తల్లులును అవ్వలును తోడు రావలెను. అవ్వను మరల పిలుచుటలో ఒక ఔచిత్యము కూడ కలదు. పూర్వము ఆ చేయి ఆమెదే కదా.

భాష విషయమును ఉపేక్షింపరాదు. బడిపాట కన్నడములోనున్నను, బిడ్డకు బుజ్జగింపు తెలుగులోనే అర్థమగును. ఉమ్మివేయుము, మ్రింగకుము, లోపలివైపు తోముము అను మూడు మాటలు ఇంటిభాషలో చెప్పినపుడే ఇంటికి కూడ చేరును. రాత్రి నిద్రకు ముందు తోముట ఇంటి పని. పగలు అంగన్‌వాడిలో నేర్చినది రాత్రి ఇంటిలో సాగినపుడే ఫలము పూర్తియగును. ఏడెనిమిదేండ్లు వచ్చువరకు బిడ్డ మణికట్టునకు స్వయముగా చక్కగా తోముకొను నేర్పు రాదనియు, అంతవరకు పెద్దల సాయము కావలెననియు తల్లిదండ్రులకు తెలుపవలెను.

ముగింపు

పుల్లనుండి పొడికి, పొడినుండి బ్రష్షునకు, బ్రష్షునుండి పేస్టునకు సాధనములు మారుచు వచ్చినవి. ప్రతి మార్పును అభివృద్ధియనియే మనము లెక్కించితిమి. కాని మార్పుల నడుమ జారిపోయినది బిడ్డ ప్రక్కన కూర్చుండి చూచు మనిషి. స్కాట్లండు శిశువిహారములు క్రొత్తగా కనుగొన్నది బ్రష్షును కాదు, పేస్టును కాదు. ఆ మనిషిని మరల ఆ చోట కూర్చుండబెట్టిరి. సామణేరులకు పుల్ల కొలత విధించిన విహారమునందును, మనుమని చిగుళ్లపై ఉప్పు రుద్దిన అవ్వ ముంగిటను ఉండిన సూత్రమే అది. నీరు రెండంచుల కత్తియైన మండికల్, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఆ సూత్రము ఇతర దేశములలోకంటె ఎక్కువ అవసరము. నేడు అంగన్‌వాడిలో కూర్చున్న మూడేండ్ల బిడ్డ చిగురుల లోపల, జీవితాంతము నిలువవలసిన పండ్లు ఈ క్షణముననే రూపొందుచున్నవి. వానికి నీటివలన మచ్చ పడునా, తీపివలన పిప్పి పట్టునా, లేక రెండును లేక ఆరోగ్యముగా మొలచునా యనునది, తోమునపుడు ఆ బిడ్డ ప్రక్కన ఎవరుందురను దానిపై చాలవరకు ఆధారపడియున్నది.